ఊపిరికి కావలి – డాక్టర్ ఎడ్వర్డ్ లౌరీ

నిజామాబాదు జిల్లా భీమ్‌గల్ ప్రాంతంలో పసుపు పంట చేతికి వచ్చే రోజుల్లో రోడ్లమీద ట్రాక్టర్ల రాకపోకలకు రాత్రి, పగలు అన్న భేదం ఉండదు. ఏ మలుపులోనో ఒక ట్రాక్టరు బోల్తా పడి మనిషి దాని కింద చిక్కుకున్నాడంటే చుట్టుపక్కలవారు వెంటనే 108కి కబురు చేస్తారు. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైన ఆ సేవ క్షతగాత్రుణ్ణి నిజామాబాదు ప్రభుత్వాసుపత్రికి చేరుస్తుంది. పరిస్థితి విషమిస్తే అక్కడినుండి హైదరాబాదులోని ఉస్మానియాకో, గాంధీకో తరలిస్తారు. అత్యవసర విభాగపు గుమ్మంలో స్ట్రెచర్ ఆగగానే బంధువుల చూపులన్నీ గాయంమీద, కారుతున్న రక్తంమీద ఉంటాయి. వైద్యుని చూపు మాత్రం మొదట అక్కడికి పోదు. ఆయన రోగి ముఖంమీదికి వంగి ఊపిరి ఆడుతున్నదా అని చూస్తాడు. స్పృహలేని మనిషి నాలుక వెనక్కు జారి గొంతును మూసివేసి ఉంటే కింది దవడను రెండు చేతులతో ముందుకు ఎత్తుతాడు. ఆ తరువాతనే తక్కినవన్నీ.

నేడు వైద్యవిద్యార్థులు మొదటి పాఠంగా నేర్చుకొనే ఈ పని వెనుక సుదీర్ఘమైన వాదోపవాదాల చరిత్ర ఉన్నది. అందులో ఒక ముఖ్యమైన ఘట్టం మన హైదరాబాదులోనే, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ పాలనలో జరిగింది. నేటి నిజామాబాదు ఇందూరు పేరుతో ఆ రాజ్యంలోనే ఉండేది. ఆ ఘట్టానికి నాయకుడు డాక్టర్ ఎడ్వర్డ్ లౌరీ. ఆయన చెప్పినదాంట్లో గొప్ప సత్యమూ ఉన్నది, పెద్ద పొరపాటూ ఉన్నది. ఆ రెండూ కలిసి ఉండటంవల్లనే ఆయన జీవితం చదవదగినది అయింది.

ఆ కథ తెలియాలంటే ముందు క్లోరోఫారం సంగతి తెలియాలి. పందొమ్మిదవ శతాబ్దపు పూర్వార్ధం దాకా శస్త్రచికిత్స అంటే నరకయాతనే. రోగిని నలుగురు బలంగా పట్టుకొంటే వైద్యుడు క్షణాల లెక్కన కాలినో, చేతినో కోసి తీసేవాడు. వేగమే నైపుణ్యం. 1847 నవంబరులో స్కాట్లండులోని ఎడింబరో నగరంలో జేమ్స్ యంగ్ సింప్సన్ అనే వైద్యుడు క్లోరోఫారం ఆవిరి పీల్చి చూసి, అది మనిషిని మత్తులో ముంచుతుందని లోకానికి చాటాడు. వైద్యలోకం పండుగ చేసుకొన్నది. కాని ఆ సంతోషం మూడు నెలలైనా నిలువలేదు. 1848 జనవరిలో ఇంగ్లండులోని న్యూకాసిల్ సమీపంలో, కాలిగోరు తీయించుకోవడానికి వచ్చిన 15 ఏళ్ళ బాలిక క్లోరోఫారం పీల్చిన కొద్ది నిమిషాలలోనే ప్రాణం విడిచింది. గోరు తీయడమంటే ప్రాణాపాయంలేని చిన్న పని. బాధ తెలియకుండా చేయాలని ఇచ్చిన మందే ఆ బాలిక ప్రాణం తీసింది. ఆ తరువాత దేశదేశాలలో అటువంటి మరణాలు అడపాదడపా జరుగుతూనే వచ్చాయి.

ఈ మరణాలకు కారణమేమిటి? ఈ ప్రశ్నకు వైద్యులు రెండు పక్షాలుగా చీలిపోయారు. క్లోరోఫారం గుండెను హఠాత్తుగా ఆపివేస్తుందని లండను పక్షం వారన్నారు. కనుక మత్తు ఇచ్చేవాడు రోగి నాడిమీద వేలు తీయరాదని వారి నియమం. ఎడింబరో పక్షం వారు దీన్ని ఒప్పుకోలేదు. మందు ఎక్కువైతే ముందుగా ఆగేది ఊపిరి అనీ, ఊపిరి ఆగిన తరువాతనే గుండె ఆగుతుందనీ, నాడి పట్టుకొని కూర్చునేవాడు అసలు ప్రమాదాన్ని చూడకుండా పోతాడనీ వారి వాదం. ఇది కేవలం పండితుల చర్చ కాదు. మత్తు ఇచ్చేవాని వేలు నాడిమీద ఉండాలా, కన్ను రొమ్ముమీద ఉండాలా అన్నదానిమీద బల్లమీది రోగి బ్రతుకు ఆధారపడి ఉన్నది.

ఎడింబరో పక్షానికి పెద్ద దిక్కు జేమ్స్ సైమ్ అనే శస్త్రవైద్యుడు. 1846లో జన్మించిన ఎడ్వర్డ్ లౌరీ ఎడింబరోలో వైద్యం చదివి ఆయన వద్దనే శిష్యరికం చేశాడు. గురువు క్లోరోఫారం ఇచ్చే తీరు నిరాడంబరంగా ఉండేది. యంత్రాలు లేవు, కొలతలు లేవు. మడిచిన బట్టమీద మందు చిలకరించి, గాలి ధారాళంగా ఆడేటట్లు ముక్కుకు కొంచెం ఎడంగా పట్టుకొని, రోగి ఊపిరిని కనిపెట్టి ఉండటమే ఆ పద్ధతి. నాడి ఊసే లేదు. యౌవనంలో గురుముఖతః నేర్చిన ఆ విద్యను లౌరీ జీవితాంతం వేదవాక్యంగా భావించాడు. ఆయన బలమూ అదే, బలహీనతా అదే.

చదువు ముగించుకొని లౌరీ భారతదేశపు వైద్యసర్వీసులో చేరాడు. లాహోరులో శస్త్రవైద్యం బోధించిన తరువాత 1885లో హైదరాబాదు రెసిడెన్సీ సర్జనుగా వచ్చాడు. బ్రిటిషు రెసిడెంటు కొలువులోని వైద్యుడే నిజాం ప్రభుత్వపు వైద్యపాఠశాలకు కూడా పెద్దగా ఉండటం అప్పటి ఏర్పాటు. 1846లో నెలకొన్న ఆ పాఠశాలలో అంతవరకు ఉర్దూలో బోధన జరిగేది. పాశ్చాత్య వైద్యాన్ని దేశభాషలో బోధించిన అరుదైన విద్యాలయాలలో అది ఒకటి. లౌరీ కాలంలో అది ఇంగ్లీషులోకి మారింది. దానివల్ల మన విద్యార్థులకు ప్రపంచ వైద్యగ్రంథాలు అందుబాటులోకి వచ్చాయన్నది నిజం. ఇంగ్లీషురాని ఎందరో పిల్లలకు ఆ తలుపు మూసుకుపోయిందన్నదీ అంతే నిజం.

మరొక తలుపు మాత్రం ఆయన కాలంలోనే తెరుచుకొన్నది. ఆ పాఠశాలలో ఆడపిల్లలకు ప్రవేశం లభించింది. అలా చదువుకొన్నవారిలో రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ యువతి పేరు వైద్యచరిత్రలో నిలిచిపోయింది. ఆమె లౌరీ పద్ధతిలో క్లోరోఫారం ఇవ్వడంలో ఆరితేరి, హైదరాబాదు ఆసుపత్రులలో ఎన్నో శస్త్రచికిత్సలకు మత్తు ఇచ్చింది. మత్తువైద్యం చేసిన తొలి మహిళగా ఆమెను ప్రపంచమంతటా ఎందరో చరిత్రకారులు పేర్కొంటున్నారు. 1909 ప్రాంతంలో ఆమె ఎడింబరో వెళ్ళి తన విద్యకు మరింత మెరుగు పెట్టుకొన్నది. పరదా వదలని ఆనాటి స్త్రీలకు, ప్రాణాపాయ సమయంలో తమ ముఖంమీదికి వంగి ఊపిరిని గమనించేది మరొక స్త్రీ అన్న విషయం ఎంత ధైర్యాన్నిచ్చి ఉంటుందో ఊహించవచ్చు.

మూసీ ఒడ్డున ఉన్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆ కాలంలో నగరానికి పెద్ద దిక్కు. లౌరీ, ఆయన శిష్యులు శస్త్రచికిత్సలలో క్లోరోఫారాన్నే వాడేవారు. గుండె ఆగి చనిపోయినవారు తన చేతిలో ఒక్కరూ లేరని ఆయన గట్టిగా చెప్పేవాడు. కాని ఒక వైద్యుని అనుభవాన్ని లోకం ప్రమాణంగా తీసుకోదు. అందుచేత ప్రయోగాలతోనే నిరూపించాలని ఆయన పూనుకొన్నాడు.

నిజాం ప్రభుత్వ సహాయంతో 1888లో మొదటి క్లోరోఫారం సంఘం ఏర్పడింది. 141 కుక్కలపై ప్రయోగాలు జరిగాయి. వాటన్నిటిలోనూ గుండెకంటె ముందే ఊపిరి ఆగిందని సంఘం తేల్చింది. 1889లో ఇంగ్లండు రాజకుటుంబానికి చెందిన కన్నాట్ ప్రభువు దంపతులు వైద్యపాఠశాల బహుమతి ప్రదానానికి వచ్చినప్పుడు లౌరీ ఈ ఫలితాన్ని నిండుసభలో ప్రకటించాడు. లండను నుండి వెలువడే ‘లాన్సెట్’ వైద్యపత్రిక దీన్ని నమ్మలేదు. ఎక్కడో హైదరాబాదులో కొద్దిమంది చేసిన ప్రయోగాలు ఐరోపా పండితుల అభిప్రాయాన్ని తారుమారు చేయగలవా అన్నది దాని ధోరణి. దానికి నిజాం ఇచ్చిన సమాధానం రాజోచితంగా ఉన్నది. పత్రిక తనకు నమ్మకమున్న నిపుణుణ్ణే పంపవచ్చనీ, ఖర్చులకు 1,000 పౌన్లు తానే ఇస్తాననీ ఆయన తెలియజేశాడు.

పత్రిక ఎన్నుకొన్నది థామస్ లాడర్ బ్రంటన్‌ను. ఆయన సామాన్యుడు కాడు. గుండెనొప్పికి ఎమైల్ నైట్రైట్ అనే మందు ఉపశమనం ఇస్తుందని 1867లో కనుగొన్న పరిశోధకుడు. పైగా క్లోరోఫారం గుండెను దెబ్బతీస్తుందని నమ్మినవాడు. అంటే లౌరీ తన వాదానికి ప్రతికూలుడైన వ్యక్తినే న్యాయనిర్ణేతగా ఆహ్వానించాడన్నమాట. 1889 అక్టోబరులో బ్రంటన్ హైదరాబాదు చేరాడు. లౌరీ అధ్యక్షుడుగా, బ్రంటన్, జెరాల్డ్ బాంఫర్డ్, రుస్తుంజీ హకీం సభ్యులుగా రెండవ సంఘం పని ప్రారంభించింది. జంతువుకు క్లోరోఫారం ఇస్తూ, రక్తపు ఒత్తిడి హెచ్చుతగ్గులను గిర్రున తిరిగే పీపాకు చుట్టిన కాగితంమీద గీతలుగా నమోదు చేసేవారు. ఆ గీతలను ఛాయాచిత్రాలు తీసి భద్రపరిచేవారు. కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు, పిల్లులు, కుందేళ్ళు అన్నీ కలిపి కొన్ని వందల ప్రాణులు ఆ రెండు మూడు నెలల్లో బలి అయ్యాయి. నేటి నియమాల ప్రకారం అటువంటి ప్రయోగాలకు అనుమతి దొరకదు. ఆ మూగప్రాణుల ప్రసక్తి లేకుండా ఈ కథ చెప్పడం కూడా న్యాయం కాదు.

ఫలితం వైద్యలోకాన్ని ఆశ్చర్యపరిచింది. బ్రంటన్ తన అభిప్రాయాన్ని మార్చుకొన్నాడు. ప్రమాదమంతా మందు ఎక్కువ కావడంవల్లనో, ఊపిరి ఆడకపోవడంవల్లనో వస్తున్నదే కాని గుండెపై నేరుగా దెబ్బ పడటం లేదని ఆయన లాన్సెట్‌కు తంతి పంపాడు. 1890లో నివేదిక ఆ పత్రికలోనే అచ్చయింది. హైదరాబాదు పేరు ఐరోపా, అమెరికా ఆసుపత్రులలో మారుమోగింది.

ఆ నివేదికలోని సూచనలు చదివితే నేటి అత్యవసర విభాగం కళ్ళకు కడుతుంది. రోగిని వెల్లకిల పడుకోబెట్టాలి. మెడ, రొమ్ము, పొట్టలమీద బిగుతైన బట్ట ఏదీ ఉండరాదు. మత్తు ఇచ్చేవాడు శస్త్రచికిత్సను చూస్తూ కూర్చోరాదు. అతని దృష్టి మొదటినుండి చివరిదాకా ఊపిరిమీదనే ఉండాలి. ఊపిరికి ఏ కొంచెం అడ్డు కలిగినా కింది దవడను ముందుకు తేవాలి, అవసరమైతే నాలుకను బయటికి లాగాలి. ఊపిరి ఆగితే ఆలస్యం చేయక కృత్రిమశ్వాస మొదలుపెట్టాలి. ఈ నియమాలు పాటించిన ప్రతి చోటా ఎందరో రోగులు బ్రతికి ఉంటారనడంలో సందేహం లేదు.

అయితే సత్యం అంతటితో పూర్తి కాలేదు. నాడి పట్టే అలవాటే పనికిరాదని లౌరీ పట్టుబట్టాడు. 1893లో కేంబ్రిడ్జికి చెందిన గాస్కెల్, షోర్ అనే శాస్త్రజ్ఞులు క్లోరోఫారం గుండెపై నేరుగా పని చేస్తుందని ప్రయోగపూర్వకంగా చూపారు. లౌరీ ఒప్పుకోలేదు. తనకు ప్రతికూలమైన ప్రతి ప్రయోగంలోనూ ఏదో ఒక లోపం వెతికాడు. తన కళ్ళముందు ఏనాడూ జరగలేదు కనుక అది జరగనే జరగదన్నది ఆయన తర్కం. ఇదే తర్కం మరొక చోట ఆయనను ఇంకా ఘోరంగా దారి తప్పించింది. మలేరియా జ్వరానికి రక్తంలోని సూక్ష్మజీవి కారణమని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లావరాన్ చెప్పినదాన్ని లౌరీ బాహాటంగా తిరస్కరించాడు. ఆయన ఉన్న నగరం పక్కనే, సికింద్రాబాదులో, 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ సూక్ష్మజీవినే కనుగొన్నాడు. పెద్ద వైద్యుడు కళ్ళు మూసుకొన్న చోటికి కూతవేటు దూరంలోనే ఒక యువ వైద్యుడు కళ్ళు తెరిచి చూడటం చరిత్రలోని చమత్కారం.

1901లో లౌరీ పదవీ విరమణ చేసి స్వదేశానికి వెళ్ళిపోయాడు. పది సంవత్సరాల తరువాత, 1911లో, గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు అసలు రహస్యాన్ని బయటపెట్టాడు. క్లోరోఫారం తక్కువగా ఇచ్చిన పిల్లులలో గుండె కండరం ఒక్కసారిగా లయ తప్పి, వణుకుతున్న కండలా గిలగిలలాడి ఆగిపోతున్నదని ఆయన చూపాడు. మత్తు లోతుగా ఉన్నప్పుడు ఇది జరగదు. మత్తు తేలికగా ఉన్నప్పుడు, భయంతోనో ఉద్రేకంతోనో శరీరం అల్లాడుతున్నప్పుడు జరుగుతుంది.

దీనితో పాత చిక్కుముడి విడిపోయింది. హైదరాబాదులో జంతువులకు మందు అతిగా ఇచ్చి చంపారు. అతిగా ఇస్తే ఊపిరి ముందు ఆగుతుంది, గుండె తరువాత ఆగుతుంది. లౌరీ చూసినది నిజమే. కాని న్యూకాసిల్ బాలిక మృతికి కారణం అది కాదు. బెదురుతూ కుర్చీలో కూర్చున్న ఆ పిల్ల మత్తు సగమైనా ఎక్కకముందే, మొదటి నిమిషాలలోనే పోయింది. అటువంటి మరణాన్ని ఎన్ని వందల కుక్కలకు ఎంత ఎక్కువ మందు ఇచ్చినా చూడలేము. ప్రయోగం తాను అడిగిన ప్రశ్నకే జవాబు చెప్పింది. అడగని ప్రశ్న అలాగే మిగిలిపోయింది. మరొక విచిత్రం కూడా ఉన్నది. క్లోరోఫారానికి భయపడి, కొంచెం కొంచెంగా, ఆగి ఆగి ఇచ్చే జాగ్రత్తపరులైన వైద్యులే తెలియక రోగిని ఆ ప్రమాదపు అంచున నిలబెట్టారు. సైమ్ శిష్యులు వెరపులేకుండా ధారాళంగా ఇచ్చి రోగిని త్వరగా లోతైన మత్తులోకి తీసుకుపోయేవారు. లౌరీ చేతిలో గుండె ఆగిన మరణాలు లేకపోవడానికి బహుశా ఇదే కారణం. తన విజయానికి సరైన కారణం ఆయనకే తెలియదు.

1915లో ఎడ్వర్డ్ లౌరీ కన్నుమూశాడు. ఇరవయ్యవ శతాబ్ది నడుమకు వచ్చేసరికి క్లోరోఫారం వాడకం క్రమంగా తగ్గిపోయి, ఇంతకంటె మేలైన మత్తుమందులు వచ్చాయి. వాదించుకొన్న రెండు పక్షాల మాటలు మాత్రం ఒకే గదిలో కలిసి కాపురం చేస్తున్నాయి. లయ తప్పి వణికే గుండెను విద్యుద్ఘాతంతో తిరిగి దారిలో పెట్టవచ్చని 1947లో అమెరికాలో క్లాడ్ బెక్ ఒక బాలునికి చేసిన శస్త్రచికిత్సలో చూపాడు. 1950ల చివర పీటర్ సఫర్ దవడ ఎత్తి నోటితో ఊపిరి ఊదే పద్ధతికి శాస్త్రీయమైన పునాది వేశాడు. 1960లో కౌవెన్‌హోవెన్ బృందం రొమ్ముపై చేతులతో నొక్కి గుండెను నడిపించవచ్చని వెల్లడించింది. అందుకే నేటి అత్యవసర విభాగంలో ఒక వైద్యుడు తలవైపు నిలిచి దవడ ఎత్తి పట్టుకొంటే, మరొకరు రొమ్ము నొక్కుతారు. నర్సు గుండె లయను చూపే తీగలను అంటిస్తుంది. తలవైపు ఉన్నవాడు లౌరీ మాట వింటున్నాడు. తీగలు అంటిస్తున్న నర్సు ఆయన కాదన్న మాట వింటున్నది. రోగికి ఇద్దరూ కావాలి.

లౌరీ పనిచేసిన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి భవనం ఇప్పుడు లేదు. ఆయన వెళ్ళిన ఏడేళ్ళకు, 1908 సెప్టెంబరు 28న, మూసీనది పొంగి నగరాన్ని ముంచెత్తింది. వేలాదిమంది కొట్టుకుపోయారు. ఆసుపత్రి కూలిపోయింది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో అదే ప్రాంతంలో విన్సెంట్ ఎష్ రూపకల్పనతో ఉస్మానియా ఆసుపత్రి వెలసింది. వరద నాటి రాత్రి ఆ ఆవరణలోని ఒక చింతచెట్టు కొమ్మలు పట్టుకొని సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకొన్నారు. ఆ చెట్టు నేటికీ అక్కడ ఉన్నది.